ఒట్టి పెట్రోలు

రంపం మిషనులో ఒట్టి పెట్రోలు పోసింది నేనే. ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రోజుల్లో ఈ ఒక్క మాట నోటి నుంచి బయటికి రావడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.

అప్పటికి నాకు పెళ్ళయి నాలుగేళ్ళు. మా పుట్టింటివాళ్ళది శ్రీకూర్మం దగ్గర. అత్తవారిది నెల్లిమర్ల నుంచి రామతీర్థం వెళ్ళే దారిలో, రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళ్తే వచ్చే పల్లె. మా ఆయన జూట్ మిల్లులో పనిచేసేవాడు. అత్తకు ఇల్లూ రెండు గేదెలూ సరిపోయేవి. మావయ్య చెట్లు కోసేవాడు. సరుగుడు తోటలు, నీలగిరి తోటలు, ఎవరింటి మీదికో వాలిపోయిన మామిడి కొమ్మ, ఏదైనా సరే, చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆయన్నే పిలిచేవారు. మొదట్లో గొడ్డలీ, ఇద్దరు చెరో పక్కా పట్టుకు లాగే రంపమూ ఉండేవట. తర్వాత పెట్రోలుతో నడిచే రంపం మిషను కొనుక్కున్నాడు. పని అయ్యాక దానికంటిన రంపపు పొట్టు బ్రష్షుతో దులిపి, పాత లుంగీలో చుట్టి తన మంచం కింద పెట్టుకునేవాడు. ఆ మంచం కింద చీపురు పెట్టడానికి అత్తకే హక్కు లేదు, ఇక నాకెక్కడిది?

మావయ్య మాటలు తక్కువ మనిషి. కోపం వల్ల కాదు. ఇంట్లోకి వస్తే ఒక మూల కూర్చునేవాడు, పెట్టింది తినేవాడు, "సాలమ్మా" అనేవాడు. నేను "మావా" అని పిలవడం కూడా భోజనానికే. నాలుగేళ్ళలో మేమిద్దరం మాట్లాడుకున్నదంతా కలిపినా ఒక పూట కబుర్లంత ఉండదు.

ఆ మిషను సంగతి ఒకటి చెప్పాలి. దాని ఇంజనుకు నూనె పోసే చోటు విడిగా ఉండదు. పెట్రోలులోనే కలిపి పొయ్యాలి. మావయ్య దగ్గుమందు సీసా మూతతో కొలిచేవాడు. లీటరు పెట్రోలుకి నాలుగు మూతల నూనె. కలిపాక పెట్రోలు లేత ఆకుపచ్చ రంగులోకి మారేది. ఆ నూనే లోపల పిస్టనును కాపాడేది. అది లేకుండా నడిపితే ఇనుమూ ఇనుమూ రాసుకుని కాలిపోతాయి. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసింది మాత్రం ఒక్కటే: ఆయన పెట్రోలు ఆకుపచ్చగా ఉంటుంది.

చింతపండు రోజులు. ముందురోజు సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన లేచి, అరగంటలో పెంకులన్నీ ఎగరగొట్టి పోయింది. తెల్లారేసరికి పక్క ఊరి నుంచి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. పెద్ద వేపచెట్టు కూలి పశువుల సాల వాకిలికి అడ్డంగా పడిందట. లోపల చూలావు ఉందట.

"ఈనే రోజులు. కంగారుపడి తన్నుకుంతన్నాది. వేగిరం రా అన్నా!" అన్నాడు.

మావయ్య నూతి దగ్గర స్నానం చేస్తున్నాడు. అక్కణ్ణుంచే కేకేశాడు. "అమ్మీ! మిషనులో పెట్రోలు పోసి ఉంచు. అరుగు మీద తెల్ల డబ్బా."

ఆయన నాకొక పని చెప్పడం అదే మొదలు. అరుగు మీద తెల్ల డబ్బాలు రెండున్నాయి. రెండూ వంటనూనె డబ్బాలే. ఒకటి మావయ్యది. రెండోది రాత్రి మా ఆయన బైకు కోసం తెచ్చి పెట్టింది. నేను చేతికందింది తీసి పోశాను. పోస్తున్నప్పుడు చూశాను. నీళ్ళలా తేటగా ఉంది, రంగు లేదు. చూశాను, ఒక క్షణం ఆగాను కూడా. కానీ ఆ వచ్చినాయన వీధిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. నూతి దగ్గరికి వెళ్ళి అడగాలంటే సిగ్గు. మూత బిగించేశాను.

తెలియక చేశానని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ లోపల గుచ్చుకునేది అందుకే.

మధ్యాహ్నానికి మావయ్య తిరిగి వచ్చాడు. మిషను భుజం మీదుంది. మొహం మసిబారి ఉంది. ముందు ఆవు సంగతి అడిగింది అత్త. క్షేమమేనన్నాడు. పెద్ద మోడు సగం కోశాక మిషను గొంతు మారిందట, కీచుమని అరిచి ఆగిపోయిందట. స్టార్టు చేసే తాడు లాగితే రాలేదట. మిగతాది నలుగురూ గొడ్డళ్ళతో కొట్టి దారి చేశారు.

చేతులు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని సైలెన్సరు విప్పాడు. ఆ కన్నంలోంచి లోపలి పిస్టను కనబడుతుంది. ఎండకేసి తిప్పి, కళ్ళు చికిలించి చాలాసేపు చూశాడు. నేను తలుపు వెనక నుంచున్నాను. తర్వాత లేచి రెండు డబ్బాలూ మూతలు తీసి చూశాడు. ఆయన డబ్బా నిన్న కలిపిపెట్టినట్టే నిండుగా ఉంది.

అప్పుడే మా ఆయన షిఫ్టు నుంచి వచ్చాడు. బైకు డబ్బా తగ్గి ఉండడం చూడగానే విషయం అర్థమైపోయింది.

"ఎవలు పోసినారు?" అన్నాడు గట్టిగా. అత్త నా వైపు చూసింది.

"నానే," అన్నాడు మావయ్య. తల ఎత్తలేదు. "నానే పోసుకున్నాను. కళ్ళు సరిగ్గా అవుపడక డబ్బా మారిపోనాది."

ఆ పూటకి మాట అక్కడితో ఆగింది. కానీ ఆ అబద్ధం ఊరికే పోలేదు. డబ్బాలు పోల్చుకోలేని మనిషి రేపు చెట్టు ఎటు పడుతుందో ఎలా చూస్తాడు? మర్నాడు మా ఆయన అదే అన్నాడు.

"సాలు నాన్నా. ఇంక ఆ పని మానెయ్. రేపేదైనా అయితే ఎవలం సూస్తాం? మిషను ఎలగున్నదలగే ఎవలికైనా ఇచ్చేద్దాం."

మావయ్య ఎదురు చెప్పలేదు. ఎలా చెప్తాడు? కళ్ళు కనబడవని ఒప్పుకున్నది ఆయనే. అత్త కూడా కొడుకు వైపే. "కూకుని తిను. సేసింది సాలు," అంది.

మూడు రోజులు ఆయన పనికి వెళ్ళలేదు. కబురు పంపినవాళ్ళకి మిషను పాడైందని చెప్పించాడు. పొద్దున లేచి గేదెల కట్టుగొయ్య మార్చేవాడు, కంచె బాగుచేసేవాడు, మళ్ళీ అరుగు మీదికి వచ్చి కూర్చునేవాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అరచేతులు చూసుకునేవాడు. నేను అన్నం వడ్డిస్తూ ఆ చేతులే చూసేదాన్ని. చెప్పాలని వచ్చి, ఇంకో గరిటెడు అన్నం పెట్టి వెళ్ళిపోయేదాన్ని.

నాలుగో రోజు మిల్లులో మా ఆయనతో పనిచేసే ఒకాయన మిషను చూడ్డానికి వచ్చాడు. మావయ్య మంచం కింద నుంచి దాన్ని తనే తీశాడు. లుంగీ విప్పి, మళ్ళీ ఒకసారి తుడిచి చూపించాడు. వచ్చినాయన ఆదివారం వచ్చి తీసుకెళ్తానని వెళ్ళిపోయాడు. మావయ్య దాన్ని మళ్ళీ చుట్టబెడుతుంటే ముడి సరిగ్గా పడలేదు. విప్పి మళ్ళీ వేశాడు. నేను ఇక చూస్తూ నిలబడలేకపోయాను.

ఆయన పెరట్లో గేదెలకి కుడితి కలుపుతుంటే వెళ్ళాను.

"మావా. ఆ పెట్రోలు నేను పోశాను."

"తెల్సు," అన్నాడు, కుడితి కలపడం ఆపకుండా. "నాను తానం సేస్తన్నాను కదా. నానెలగ పోస్తాను?"

"తేటగా ఉందని చూశాను కూడా. అడక్కుండా పోసేశాను."

అప్పుడు ఆగాడు. "అడగాల్సింది," అన్నాడు. అంతే. అందులో కోపం లేదు, కానీ తప్పు తప్పు కాదనీ అనలేదు. అలా అనకపోవడమే నాకు మేలైంది.

"మరి నువ్వెందుకు మీదేసుకున్నావు?"

కుడితి చెయ్యి గడ్డితో తుడుచుకున్నాడు. "ఆడు నన్నొకమాటంటే నాను సెవినెట్టుకోను. నా కొడుకే కదా. నిన్నంటే నువ్వు అన్నం మానేస్తావు. పోనేడాది గేది దూడ తాడు తెంపుకుని పోనాదని మీ అత్త తిట్టినప్పుడు రెండు పూటలు తిన్నేదు నువ్వు. నాకు తెల్దనుకున్నావేటి?"

నాకు ఏడుపొచ్చింది. నేను రెండు పూటలు తినలేదన్న సంగతి మా ఆయనకే తెలియదు.

ఆ సాయంత్రం అందరూ తింటుండగా చెప్పేశాను. మా ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. నన్ను తిట్టలేదు. తండ్రి వైపు తిరిగి, "మరి మిషను అమ్మేస్తానంటే కూడా నోరెత్తవేటి నాన్నా?" అన్నాడు. అత్త మాత్రం, "ఈ ముసిలోడికి అబద్ధమాడ్డం కూడా సేతకాదు. ఇల్లంతా నాలుగు రోజులు సచ్చిపోనాము," అని మావయ్యకి ఇంకో గరిటెడు పులుసు పోసింది.

మిషను బాగుచేయడం మర్నాడు మొదలైంది. మావయ్యకి దాని లోపలంతా తెలుసు. కానీ ఒక చిక్కుంది. ఆయన ఆడిన అబద్ధంలో సగం నిజం. దూరం బాగానే కనబడుతుంది గానీ, దగ్గర చిన్నవి కనబడవు. స్క్రూ కన్నం దొరక్క రెండుసార్లు స్క్రూడ్రైవరు జారింది. మూడోసారి నేనే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"ఇలా ఇయ్యి మావా. ఎటు తిప్పాలో చెప్పు."

ఆయన నన్నొకసారి చూసి, స్క్రూడ్రైవరు తిప్పి పిడి నా వైపు పెట్టి ఇచ్చాడు.

విప్పిన ప్రతిదాన్నీ వరసగా పాత చీర మీద పరిచాను. అడుగు నుంచి నాలుగు బోల్టులు తీస్తే సిలిండరు ఊడి వచ్చింది. పిస్టను చూడగానే నా మనసు చివుక్కుమంది. ఒక పక్కంతా గోళ్ళతో గీరినట్టు నిలువు గీతలు. చుట్టూ ఉండే రింగు తన గాడిలోనే అతుక్కుపోయింది. మావయ్య బొటనవేలితో ఆ గీతల మీద నెమ్మదిగా రాశాడు.

"పిస్టను పోనాది. దీని సంగతి సూడాల," అని సిలిండరు నా చేతిలో పెట్టాడు. "లోపల వేలెట్టి సూడు. గీత లోతుగా ఉంటే పనికిరాదు. పైన అంటుకున్నదే అయితే బతుకుతాది."

వేలు పెట్టాను. గరుగ్గా తగిలింది. కానీ గుంటలు కావు, ఎత్తుగా అంటుకున్న మరకలు. అలాగే చెప్పాను. "గోరుతో సూడు," అన్నాడు. గోరు గుంటలో దిగలేదు, మిట్ట మీద ఆగింది. ఆయన మొహంలో అన్నాళ్ళకి కొంచెం వెలుగు చూశాను.

అంటుకున్నది పిస్టను నుంచి కరిగిన లోహమే. దాన్ని బాత్రూము కడిగే యాసిడ్‌తో తియ్యాలి. చీపురుపుల్లకి దూది చుట్టి, మరక మీదే, ఇంకెక్కడా తగలకుండా అద్దాలి. ఆయన నన్ను గాలి వీపుకి తగిలేలా కూర్చోబెట్టాడు. ముక్కుకి కొంగు కట్టుకోమన్నాడు. అద్దిన చోటల్లా బుసబుసమని నురగ వచ్చేది. నురగ ఆగిందంటే కింద అసలు గోడ తేలినట్టు. అద్దడం, నీళ్ళతో కడగడం, వేలితో చూడడం, మళ్ళీ అద్దడం. ఒక పూటంతా అదే పని. నేను మరక ఎక్కడుందో చెప్పేదాన్ని, ఆయన ఎంత అద్దాలో చెప్పేవాడు. చివరికి వేలు లోపల అద్దం మీద జారినట్టు జారింది.

పిస్టను, రింగు, సిలిండరు కింద వేసే ప్యాకింగు కోసం ఇద్దరం విజయనగరం వెళ్ళాం. పాతవి గుడ్డలో మూటగట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. దుకాణంలో మనిషి పిస్టను చూసి తల అడ్డంగా ఊపాడు. "ఇంకెందుకు ఈ పాతది? కొత్త మిషను తీసుకోండి. బాగుచేసినా ఉండదు," అన్నాడు మావయ్యతో. మావయ్య నా వైపు చూశాడు. నేను, "సిలిండరు బాగుందండి, గోరు దిగట్లేదు. పిస్టను సెట్టు ఇవ్వండి చాలు," అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి లోపలికి వెళ్ళి తెచ్చాడు. మెట్లు దిగాక మావయ్య బండి మీద చెరుకురసం తాగించాడు. "గోరు దిగట్లేదండి," అని నా మాటే తనలో తాను ఒకసారి అనుకుని నవ్వుకున్నాడు.

బిగించేటప్పుడు అసలు కష్టం వచ్చింది. పిస్టనును పట్టి ఉంచే పిన్నుకి రెండు పక్కలా చిన్న స్ప్రింగు తీగలాంటి లాకులు ఉంటాయి. అవి జారి ఇంజను కింది పెట్టెలో పడిపోకుండా దాని నోట్లో గుడ్డ కుక్కాం. ఒక లాకు పడింది. రెండోది పెడుతుంటే టింగుమని ఎగిరిపోయింది. ఎటు పోయిందో తెలియదు. ఇద్దరం మోకాళ్ళ మీద పాకుతూ అరుగంతా వెతికాం. పాత రేడియోలో అయస్కాంతం ఊడదీసి దానితో నేలంతా రాశాం. దొరకలేదు. మళ్ళీ విజయనగరం వెళ్ళాలా అని నీరుగారిపోయి కూర్చున్నాం.

కాసేపటికి అటు మూల చింతపండు పిక్కలు తీస్తున్న అత్త గొంతు వినబడింది. "ఇదేటి, సింతపండులో ఇనప పీసున్నాది? ఈ యేడు సెట్లకి పిక్కల బదులు ఇయ్యి కాస్తన్నాయేటి?"

మావయ్య అంత గట్టిగా నవ్వడం నేను అంతవరకు వినలేదు. ఆ లాకుని పెట్రోలులో కడిగి, ఊపిరి బిగబట్టి పెట్టాను. టక్కుమని గాడిలో కూర్చుంది. తర్వాత పిస్టను నెత్తిన ఉన్న బాణం గుర్తు సైలెన్సరు వైపు ఉందో లేదో మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ ఉందన్నాను. రింగుని వేళ్ళతో నొక్కిపెట్టి, నూనె రాసి, సిలిండరుని పైనుంచి మెల్లగా దించాం. ఆయన దించాడు, నేను నొక్కాను. మా నాలుగు చేతులూ ఒకదానికొకటి అడ్డం రాకుండా ఎలా కుదిరాయో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ట్యాంకులో మిగిలిన ఒట్టి పెట్రోలు పూర్తిగా వంపేసి కడిగాం. కొత్తది నన్నే కలపమన్నాడు. నాలుగు మూతలు. పైకే లెక్కపెట్టాను.

తాడు లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. ఆరుసార్లు లాగాక మా ఆయన, "నాన్నా, కాసేపాగు," అన్నాడు. ఏడోసారి ఒక్క దగ్గు దగ్గి ఆగింది. ఎనిమిదోసారి అందుకుంది. పొగ, చప్పుడు, గేదెల బెదురు. మావయ్య యాక్సిలరేటరు గట్టిగా నొక్కలేదు. చంటిబిడ్డని నిద్రపుచ్చుతున్నట్టు నెమ్మదిగానే చాలాసేపు తిరగనిచ్చి, తల పక్కకి వంచి విన్నాడు. ఆపి, "బాగున్నాది," అన్నాడు. మా ఆయన వెళ్ళి బైకు డబ్బా తెచ్చి దాని మీద ఎర్ర రంగు పూశాడు. ఆదివారం మిషను కోసం వచ్చినాయనతో వీధిలోనే మాట్లాడి పంపించేశాడు.

మొదటి పని రామతీర్థం అవతల ఒక సరుగుడు తోటలో. "నువ్వూ రా అమ్మీ. మిషనుకేటైనా అయితే సూసేవోలుండాల," అన్నాడు. అది సాకేనని అందరికీ తెలుసు. వెళ్ళాను. అక్కడ చూసిన మనిషి మా ఇంట్లో మూల కూర్చునే మనిషి కాడు. మోపులు కట్టడానికి వచ్చిన ఆడవాళ్ళతో పరాచికాలు, మగవాళ్ళతో వాదాలు, ఎవరెక్కడ నిలబడాలో కేకలు. చెట్టు మొదట్లో గాటు పెట్టేముందు చుట్టూ చూసి ఒక్కొక్కర్నీ వెనక్కి తరిమేవాడు. ఒకామె మిషను కొత్తదా అని అడిగితే, "పాతదే. మా కోడలు ఇప్పి బిగించినాది. మెకానిక్కు," అన్నాడు అందరికీ వినబడేలా. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను. మధ్యాహ్నం పడివున్న దుంగ ఒకటి నాచేత కోయించాడు. వెనక నిలబడి పట్టు సరిచేశాడు. ముక్క తెగి పడింది.

ఇంటికి వచ్చేసరికి తలనిండా పొట్టు. అత్త నన్ను గడప మీద కూర్చోబెట్టి జడ విప్పింది. దువ్వెనతో పొట్టు తీస్తూ కాసేపు సణిగింది. తర్వాత సణుగుడు ఆగింది.

"సెట్టు పడినప్పుడు ఎలగుంతాది?" అంది.

"నువ్వు చూడలేదా అత్తా?"

"పెళ్ళయి ముప్పై యేళ్ళయినాది. నన్నెప్పుడు తీసికెల్లినాడు? నాను అడగనూ నేదు."

చెప్పాను. ముందు కొన కదులుతుందనీ, తర్వాత కిర్రుమంటుందనీ, పడ్డాక కాసేపు ఎవరూ మాట్లాడరనీ. దువ్వెన పట్టుకుని వింది. ఈసారి నువ్వూ రా అన్నాను. "నాకెందుకే, ఆ ఎండలో," అని జడ గట్టిగా లాగి అల్లింది.

పదిహేను రోజుల తర్వాత నీలగిరి తోట కోతకి అత్త వచ్చింది. గొడుగు వేసుకుని, మావయ్య గీత గీసి చూపించిన చోటే, ఒక్క అడుగు అటూ ఇటూ కాకుండా నిలబడింది. చెట్టు పడ్డాక చాలాసేపు అటే చూసింది. తర్వాత మావయ్య దగ్గరికి నడిచి, ఆయన మెడ మీది పొట్టుని తన కొంగుతో దులిపింది.